ఛాంపియన్ మెట్టు దిగితే పరువు పోతుందా?

1977 డిసెంబరు మొదటి వారంలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలు నడిపే సంస్థ) పురుషుల సాకర్, అంటే మనం ఫుట్‌బాల్ అనే ఆట, ఫైనల్ జరిగింది. ఒకవైపు యూనివర్సిటీ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో. అంతకు ముందు రెండేళ్ళూ టైటిల్ వాళ్ళదే. బే బ్రిడ్జి దాటితే మైదానం, అంటే దాదాపు సొంత ఊళ్ళో ఆటే. రెండోవైపు, దేశానికి ఆ చివర న్యూయార్క్ రాష్ట్రపు కొండల్లోంచి వచ్చిన హార్ట్‌విక్ కాలేజీ. మొత్తం విద్యార్థులు పదిహేను వందలకు అటూ ఇటూ. విజయవాడలో ఓ మోస్తరు ఇంటర్ కాలేజీలో అంతకంటే ఎక్కువమంది ఉంటారు. ఆ కాలేజీ 2-1తో గెలిచి డివిజన్ వన్‌లో, అంటే కాలేజీ ఆటల పైమెట్టులో, జాతీయ ఛాంపియన్ అయింది.

2018లో అదే హార్ట్‌విక్ తన సాకర్ టీమును డివిజన్ వన్ నుంచి కిందిమెట్టు డివిజన్ త్రీకి దించేసింది. అమెరికా కాలేజీ ఆటల్లో ఇది చిన్న మార్పేమీ కాదు. డివిజన్ వన్‌లో ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వచ్చు. డివిజన్ త్రీలో ఆట పేరు చెప్పి ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. టీవీ, పేరు, ప్రొఫెషనల్ టీముల చూపు, అన్నీ పైమెట్టు మీదే ఉంటాయి.

ఈ సంగతి చెప్తే ఎడిసన్‌లో ఉండే మా బావగారు నవ్వారు. "అదేంటోయ్! ఐఏఎస్ కొట్టినవాడు మళ్ళీ వచ్చి గ్రూప్ ఫోర్ రాస్తాడా?" అన్నారు. ఆయనే కాదు, ఈ కథ తెలిసినవాళ్ళు చాలామంది ఇంచుమించు ఇదే మాట అంటారు, కాకపోతే కాస్త బాధగా. ఒకప్పుడు కొండంత కాలేజీలను ఓడించిన బుల్లి కాలేజీ చివరికి డబ్బులకి తలవంచిందని.

నాకు ఈ కథ ఇలా చెప్పడం నచ్చదు. దిగడం తప్పు కాదన్నది నా వాదనలో సగమే. అసలు ఎక్కిన కథనే మనం తప్పుగా చెప్పుకుంటున్నామన్నది మిగతా సగం.

ముందు ఊరి గురించి. బింగమ్‌టన్ నుంచి ఆల్బనీకి ఐ-88 మీద వెళ్తుంటే దాదాపు సగం దారిలో, సస్క్వెహానా నది పక్కన ఓనియాంటా వస్తుంది. ఇప్పుడు జనాభా పదమూడు వేలు. ఒకప్పుడు డెలావేర్ అండ్ హడ్సన్ రైల్వే వాళ్ళ ఊరు, ఇప్పుడు కాలేజీల ఊరు. హార్ట్‌విక్ ఒకటి, రాష్ట్ర ప్రభుత్వపు కాలేజీ ఒకటి. మేము బింగమ్‌టన్ వైపు ఉంటాం కాబట్టి ఆల్బనీలో గుడికో, ఎవరింటికో వెళ్ళినప్పుడల్లా ఈ ఊరి మీదుగానే పోవాలి. మెయిన్ స్ట్రీట్ నుంచి హార్ట్‌విక్ క్యాంపస్‌కి ఎక్కే రోడ్డు ఎంత నిటారుగా ఉంటుందంటే, జనవరిలో మంచు పడ్డాక మా పాత కామ్రీతో ఆ రోడ్డెక్కడానికి నాకు ధైర్యం చాలదు. ఆ కొండ పేరు ఓయరాన్ హిల్. 1797లో లూథరన్ మతాచార్యుల శిక్షణకు మొదలైన సెమినరీ ఈ కాలేజీకి మూలం. ఓనియాంటాకి కాలేజీగా వచ్చింది మాత్రం 1928లో.

ఇలాంటి చోట సాకర్ ఎందుకు? ఇక్కడే కథ అసలు రుచి ఉంది.

అమెరికాలో కాలేజీ అంటే అమెరికన్ ఫుట్‌బాల్. ఆ టీము పెట్టాలంటే వందమంది కుర్రాళ్ళు, హెల్మెట్లు, ప్యాడ్లు, అరడజను కోచ్‌లు, స్టేడియం కావాలి. వెయ్యి చిల్లర మంది ఉన్న కాలేజీకి అది తలకు మించిన భారం. 1977లో హార్ట్‌విక్‌కి ఆ టీమే లేదు, 1990ల్లో గానీ మళ్ళీ మొదలుపెట్టలేదు. సాకర్‌కి పాతికమంది పిల్లలు, ఒక పచ్చిక మైదానం, ఒక బస్సు చాలు. శరదృతువులో శనివారం సాయంత్రం ఊరు ఊరంతా చూడ్డానికి ఏదో ఒక ఆట ఉండాలిగా, ఆ ఖాళీలోకి సాకర్ వచ్చి కూర్చుంది. రెండు కాలేజీలూ ఆడేసరికి మేయర్స్ కప్ అని ఊళ్ళోనే ఒక పోటీ కూడా పుట్టింది.

1967లో ఆల్ మిల్లర్ అనే పెన్సిల్వేనియా కోచ్ హార్ట్‌విక్‌కి వచ్చాడు. 1970కల్లా టీము ఎన్‌సీఏఏ సెమీస్‌కి వెళ్ళింది. మిల్లర్ ఎంత గట్టివాడంటే, ఇక్కడి నుంచి వెళ్ళి 1973లో కొత్తగా పుట్టిన ఫిలడెల్ఫియా ఆటమ్స్ అనే ప్రొఫెషనల్ టీముకి కోచ్ అయ్యి, ఆ తొలి ఏడాదే నార్త్ అమెరికన్ సాకర్ లీగ్ గెలిపించాడు. విదేశాల నుంచి ఆటగాళ్ళను దింపుకోవడమే పద్ధతిగా ఉన్న ఆ లీగులో ఆయన అమెరికా కాలేజీ కుర్రాళ్ళను ఆడించి మరీ గెలిచాడు. ఆయన తర్వాత ఫిన్లాండ్ నుంచి వచ్చిన టీమో లియకోస్కి, ఆపైన జిమ్ లెనాక్స్. లెనాక్స్ 1976లో పగ్గాలు పట్టి పాతికేళ్ళకు పైగా వదల్లేదు.

1976లో సెమీస్‌లో ఇండియానా చేతిలో ఓటమి. ఆ ఏడాది దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హెర్మన్ ట్రోఫీ హార్ట్‌విక్ డిఫెండర్ గ్లెన్ మయర్నిక్‌కి వచ్చింది. తర్వాతి ఏడాది అదే ట్రోఫీ అదే కాలేజీలోని మిడ్‌ఫీల్డర్ బిల్లీ గజోనస్‌కి. డిఫెండర్‌కి ఇలాంటి అవార్డు రావడమే అరుదు, ఆపైన వరసగా రెండేళ్ళు ఒకే చిన్న కాలేజీకి. ప్రొఫెషనల్ టీములు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో మయర్నిక్‌ని డాలస్ టొర్నాడో మొట్టమొదటి పేరుగా ఎంచుకుంది. 2006 ప్రపంచ కప్‌లో అమెరికా జట్టుకి ఆయన సహాయ కోచ్. పాపం, అదే ఏడాది పోయారు.

ఇంతవరకూ అందరూ చెప్పే కథే. ఇక నా పేచీ.

ఈ కథను "పట్టుదల ఉంటే చిన్నవాళ్ళూ గెలుస్తారు" అనే మూసలో పోసేస్తారు. పట్టుదల లేదనను. కానీ శాన్ ఫ్రాన్సిస్కోకి పట్టుదల లేదా? 1959లో మొదలైన ఈ టోర్నీలో 1973 లోపే పది టైటిళ్ళు పట్టుకుపోయిన సెయింట్ లూయిస్‌కి లేదా? పట్టుదల అందరి దగ్గరా ఉన్నప్పుడు గెలుపుకి అదొక్కటే కారణం ఎలా అవుతుంది?

కారణం కావాలంటే 1981 సెమీస్‌కి చేరిన నాలుగు పేర్లు చూడండి. కనెటికట్, అలబామా ఏ అండ్ ఎమ్, ఈస్టర్న్ ఇల్లినాయ్, ఫిలడెల్ఫియా టెక్స్‌టైల్. చివరిది బట్టల మిల్లుల చదువుకోసం పుట్టిన కాలేజీ. ఒహాయో స్టేట్ లేదు, మిషిగన్ లేదు, టెక్సస్ లేదు, అలబామా అంటే అందరికీ గుర్తొచ్చే ఆ పెద్ద యూనివర్సిటీ కూడా కాదు. అంటే హార్ట్‌విక్ ఒక్కటే వింత కాదు. ఆ పదిహేను ఇరవై ఏళ్ళూ కాలేజీ సాకర్ మొత్తం అలాగే ఉంది. పెద్ద యూనివర్సిటీల చూపు ఈ ఆట మీద లేదు. వాళ్ళ డబ్బంతా అమెరికన్ ఫుట్‌బాల్‌కీ బాస్కెట్‌బాల్‌కీ పోయేది. తలుపు బార్లా తెరిచి ఉంది, లోపలికి నడిచినవాళ్ళు నడిచారు.

అదే 1977 ఆగస్టులో న్యూజెర్సీ జయంట్స్ స్టేడియంలో పెలే ఆడే కాస్మాస్ టీము మ్యాచ్‌కి 77,691 మంది వచ్చారు. బయట ప్రొఫెషనల్ ఆటకి అంత వెర్రి. కాలేజీ సాకర్‌లో మాత్రం కోచ్ కారేసుకుని వెళ్ళి న్యూజెర్సీలో, ఫిలడెల్ఫియాలో, సెయింట్ లూయిస్‌లో వలస కుటుంబాల క్లబ్బుల్లో ఆడే కుర్రాళ్ళను చూసుకుని రావడమే రిక్రూటింగ్. మయర్నిక్ పుట్టింది న్యూజెర్సీలోని ట్రెంటన్‌లో. అక్కడి నుంచి ఓనియాంటా సాయంత్రానికి చేరే దూరం. అలాంటి పిల్లవాణ్ణి ఒప్పించడానికి నలభై వేల సీట్ల స్టేడియం అక్కర్లేదు. ఆట తెలిసిన కోచ్, మ్యాచ్‌కి వచ్చే ఊరు ఉంటే చాలు.

రూలు పుస్తకం కూడా వీళ్ళ పక్షానే ఉండేది. అప్పటి టోర్నీలో చోటు ప్రాంతాలవారీగా ఇచ్చేవారు. న్యూయార్క్ ఒక ప్రాంతం. అంటే చుట్టుపక్కల బస్సు వెళ్ళే దూరంలో ఉన్నవాళ్ళ మీద గెలుస్తూ పోతే జాతీయ టోర్నీ తలుపు దగ్గరకి చేరొచ్చు. ఆ చుట్టుపక్కలవాళ్ళు మామూలోళ్ళు కాదు. ఇథాకాలో కార్నెల్ 1972లో సెమీస్‌కి వెళ్ళింది, గోల్‌లో నిలబడ్డ కుర్రాడు బ్రూస్ అరీనా. తర్వాత అమెరికా జాతీయ జట్టుని 2002 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌కి తీసుకెళ్ళిన అరీనా ఇతనే. ఓనియాంటాలోని రెండో కాలేజీ కూడా అదే 1972లో తన డివిజన్ ఫైనల్ ఆడింది. ఊళ్ళోనూ, పక్క ఊళ్ళోనూ ఇంత గట్టి ఆట దొరికితే టీము రాటుదేలక ఏమవుతుంది?

ఇలా అంటే గెలుపుని తక్కువ చేస్తున్నానని కొందరికి కోపం రావచ్చు. కాదు. తలుపు తెరిచి ఉందని ముందుగా కనిపెట్టడమే పెద్ద తెలివి. ఆ రోజుల్లో అమెరికాలో వెయ్యి మంది పిల్లలున్న కాలేజీలు వందల కొద్దీ ఉన్నాయి. వాటిలో ఎన్ని ఇలా ఒక్క ఆటను పట్టుకుని, మంచి కోచ్ మీద మంచి కోచ్‌ను తెచ్చుకుని, ఆ ఆటలోనే పైమెట్టుకి ఎక్కాయి? మిల్లర్ పోతే లియకోస్కి, ఆయన పోతే లెనాక్స్. కోచ్ మారినా టీము చెదరకపోవడమే నాకు ఆ ఫైనల్ కంటే గొప్పగా కనిపిస్తుంది. నేను వద్దనేది ఒక్కటే. కాలం ఇచ్చిన అవకాశాన్ని లెక్కలోంచి తీసేసి మొత్తం గుండె ధైర్యం ఖాతాలో రాయడం. అలా రాస్తే తర్వాత టీము మెట్టు దిగినప్పుడు ధైర్యం చచ్చిందని రాయాల్సి వస్తుంది. ఆ రెండో మాట అబద్ధం.

మరి ఏం మారింది? పెద్ద కాలేజీలు వచ్చి చిన్నవాటిని తొక్కేశాయని అనుకుంటాం. కొంత నిజం. ఆ కార్నెల్ గోలీ అరీనానే వర్జీనియా యూనివర్సిటీకి కోచ్‌గా వెళ్ళి 1989 నుంచి 1994 లోపు ఐదు టైటిళ్ళు కొట్టాడు. ఆ తర్వాత ఛాంపియన్ల పట్టిక చూస్తే మేరీలాండ్, నార్త్ కరొలైనా, స్టాన్‌ఫర్డ్ లాంటి పేర్లే పదే పదే. 2024లో వెర్మాంట్ గెలిచినప్పుడు చిన్నవాళ్ళ రోజులు మళ్ళీ వచ్చాయని సంబరపడ్డారు. నేనూ టీవీ ముందు లేచి కేకేశాను. కానీ వెర్మాంట్ పదివేలమందికి పైగా చదివే రాష్ట్ర యూనివర్సిటీ. హార్ట్‌విక్ లెక్కలో అది మహానగరం.

అయితే తొక్కేశారన్నది మొత్తం కథ కాదు. దక్షిణాదిన అమెరికన్ ఫుట్‌బాల్‌తో కోట్లు గడించే ఎస్ఈసీ అనే కాన్ఫరెన్స్‌లో (కాన్ఫరెన్స్ అంటే కాలేజీలు కలిసి ఆడే లీగు) ఎక్కువ యూనివర్సిటీలకి ఇప్పటికీ మగపిల్లల సాకర్ టీమే లేదు. ఆడపిల్లలకీ సమానంగా అవకాశాలు ఇవ్వాలని 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చాక, అమెరికన్ ఫుట్‌బాల్‌కి చాలాకాలం 85 స్కాలర్‌షిప్పులు పోసిన చోట లెక్క సరిచేయడానికి అమ్మాయిల సాకర్ పెట్టారు, అబ్బాయిల సాకర్ పెట్టలేదు. కొందరు చట్టాన్ని తిడతారు. ఆ 85నీ మాత్రం ఎవరూ తిట్టరు, అదో చిత్రం.

హార్ట్‌విక్‌ని అసలు ఇబ్బంది పెట్టింది మ్యాపు. టోర్నీ పెద్దదయ్యేకొద్దీ ప్రాంతాల పద్ధతి పోయి కాన్ఫరెన్స్ గెలిచినవాళ్ళకి నేరుగా చోటు అనే పద్ధతి వచ్చింది. మిగతా ఆటలు దాదాపు అన్నీ డివిజన్ త్రీలో ఆడుతూ సాకర్ మాత్రం డివిజన్ వన్‌లో ఆడే కాలేజీని ఏ కాన్ఫరెన్స్ చేర్చుకుంటుంది? ఎక్కడ చోటు దొరికితే అక్కడికి పోవాల్సిందే. కొన్నాళ్ళు ఒహాయో, మిషిగన్ వైపు జట్లుండే మిడ్-అమెరికన్ కాన్ఫరెన్స్. 2014 నుంచి సన్ బెల్ట్. పేరులోనే ఎండ ఉంది. జార్జియా స్టేట్, జార్జియా సదర్న్, అపలాచియన్ స్టేట్. ఏడాదిలో ఐదు నెలలు మంచు కింద ఉండే ఊరి టీము లీగు మ్యాచ్ ఆడ్డానికి జార్జియా పోవాలి! అదే కాన్ఫరెన్స్‌లో హార్ట్‌విక్‌కి తోడు ఎవరో తెలుసా? 1974లో నల్లజాతి విద్యార్థుల కాలేజీల తరఫున తొలి డివిజన్ వన్ టైటిల్ గెలిచిన వాషింగ్టన్ డీసీ హోవర్డ్. ఇద్దరు పాత ఛాంపియన్లు, ఇద్దరికీ దగ్గర్లో చోటు లేక దక్షిణాది ఎండలో తేలారు. దీన్ని ప్రతిష్ఠ అంటారా మీరు?

డబ్బు లెక్క కూడా చూద్దాం. డివిజన్ వన్ పురుషుల సాకర్‌లో ఒక టీము ఇవ్వగలిగిన స్కాలర్‌షిప్పుల పరిమితి చాలాకాలం 9.9. వాటిని ముక్కలు చేసి పాతిక ముప్ఫై మందికి పంచుతారు. డివిజన్ త్రీ కాలేజీ ఒక ఆటలో మాత్రం డివిజన్ వన్ ఆడుతూ ఆ స్కాలర్‌షిప్పులు ఇవ్వచ్చా అన్నది 2004 జనవరిలో ఎన్‌సీఏఏ సభలో ఓటింగ్‌కి వచ్చింది. వద్దంటే ఎనిమిది కాలేజీలు దెబ్బతినేవి. లక్రాస్ అనే ఆటలో పేరున్న జాన్స్ హాప్కిన్స్, ఐస్ హాకీ ఆడే క్లార్క్‌సన్, సెయింట్ లారెన్స్ లాంటివాటి పక్కన హార్ట్‌విక్ పేరు కూడా ఉంది. గట్టిగా పోరాడి మినహాయింపు నిలబెట్టుకున్నారు. ఆ పోరాటం గెలిచిన పద్నాలుగేళ్ళకి హార్ట్‌విక్ తనంతట తనే ఆ మినహాయింపుని సాకర్‌లో వదులుకుంది. ఎవరూ నెట్టలేదు, వీళ్ళే లెక్క వేసుకుని దిగారు. ఆ లెక్క తప్పని నాకు అనిపించదు. 2025 నుంచి కోర్టు సెటిల్‌మెంట్ వల్ల ఆ 9.9 పరిమితి కూడా పోయింది. ఒప్పందంలో చేరిన యూనివర్సిటీ 28 మంది టీములో ప్రతి ఒక్కరికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వచ్చు. ఓయరాన్ హిల్ మీద కూర్చుని ఆ వేలంలో పాడేదెవరు?

డివిజన్ త్రీ సంగతి మాకు ఇంట్లోనే తెలిసొచ్చింది. మా చిన్నాడు హైస్కూల్లో సాకర్ ఆడతాడు. పదకొండో క్లాసుకి వచ్చేసరికి కోచ్‌ల దగ్గర్నుంచి ఈమెయిళ్ళు మొదలు. ఇండియాలో చదువుకున్న మాకు మొదట ఒళ్ళు పొంగిపోయింది. మనవాణ్ణి కాలేజీలు అడుగుతున్నాయి! తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో అడిగితే అందరి పిల్లలకీ అవే ఈమెయిళ్ళు. ఒక అక్కయ్య ఇలా రాసింది: "తమ్ముడూ, కోచ్ పొగిడాడని పొంగిపోకు. అప్లికేషన్ ఫీజు లేదన్నాడా? మెరిట్ స్కాలర్‌షిప్ వస్తుందన్నాడా? అయితే వాళ్ళకి కావాల్సింది వాడి కాలు కాదు, మీ ట్యూషన్."

కటువుగా ఉన్నా ఆమె చెప్పింది అక్షరాలా నిజం. డివిజన్ త్రీలో ఆట స్కాలర్‌షిప్ లేదు కాబట్టి ప్రతి ఆటగాడూ ఎంతో కొంత ఫీజు కట్టే విద్యార్థే. ప్రైవేటు కాలేజీలు ప్రకటించే ఫీజులో సగానికి పైగా డిస్కౌంటు ఇస్తున్నా, ఆ మిగిలిన సగమే వాళ్ళ ప్రాణం. సాకర్ టీములో నలభై మందిని చేర్చుకుంటే, అందులో చాలామంది ఆ టీము లేకపోతే ఆ కాలేజీ పేరు కూడా విని ఉండరు. అందుకే డివిజన్ త్రీలో కోచ్ ఉద్యోగంలో సగం అడ్మిషన్ల పనే. మాకు ఒక కాలేజీ నుంచి వచ్చిన కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీద ఉంది. పైన ఫీజు అంకె గుండె ఆగేలా ఉంటుంది, దాని కింద మెరిట్ అని పెద్ద కోత, దాని కింద మరో చిన్న కోత, చివరికి తేలేది రాష్ట్ర యూనివర్సిటీ ఫీజు కంటే కాస్త ఎక్కువ. మొత్తం మన చీరల షాపు రిబేటు పద్ధతే.

కాబట్టి డివిజన్ వన్ నుంచి దిగడం అంటే డబ్బు పోసే టీము డబ్బు తెచ్చే టీముగా మారడం. వినడానికి చేదుగా ఉంటుంది. కానీ మా చుట్టుపక్కల ఏం జరుగుతోందో చూడండి. కాజనోవియా కాలేజీ 2023లో మూతపడింది. ఆరోరాలో వెల్స్ కాలేజీ 1868 నుంచి ఉన్నది, 2024లో మూసేశారు. పిల్లలకి చెప్పింది ఏప్రిల్ నెలాఖరున, ఆ సెమిస్టర్ అవగానే గేటు మూత. వాటికీ సాకర్ టీములు ఉండేవి. అలాంటి చోట, ఊళ్ళో పిల్లల సంఖ్య తగ్గిపోతున్న రోజుల్లో, వెయ్యి పైచిలుకు మంది ఉన్న కాలేజీ జార్జియాకి విమానాల్లో తిరగడం మానేసిందంటే నేను తప్పుపట్టను. కాలేజీ ఉంటేనే కదా టీము.

దిగినందువల్ల పోయింది తక్కువని కూడా అనను. 1985లో కూడా సెమీస్ ఆడిన టీము. సెప్టెంబరులో పెద్ద యూనివర్సిటీ వాళ్ళు కొండెక్కి వచ్చి ఆడిపోయే రోజులు ఊరికి పోయాయి. ఆ లోటు ఊళ్ళో ముసలాళ్ళని అడిగితే తెలుస్తుంది, వాళ్ళు నాలా లెక్కలు చెప్పరు. సాకర్ ఊరని పేరుంది కాబట్టే జాతీయ సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్, అంటే ఆ ఆటలో మేటివాళ్ళ మ్యూజియం, ఓనియాంటాలో వెలిసింది. అరగంట దూరంలో కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి లక్షల్లో జనం వస్తుంటే, ఇక్కడికీ వస్తారనుకున్నారు. 1999లో హైవే పక్కనే మైదానాలతో సహా కొత్త భవనం కట్టారు. రాలేదు. 2010లో మూసేశారు. 2018లో హాల్ ఆఫ్ ఫేమ్ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మళ్ళీ తెరుచుకుంది. మనవాళ్ళు ఇప్పుడు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేని ఆ ఫ్రిస్కోలోనే. హార్ట్‌విక్ కూడా అదే ఏడాది మెట్టు దిగింది. ఈ రెంటినీ కలిపి శాపం అనే కంటే, జనం ఎటు కదిలితే ఆట అటు కదులుతుందనడం సబబు.

మనకి ఇది కొత్త కథ కూడా కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీము 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆ రోజుల్లో డిపార్ట్‌మెంట్ ఉద్యోగం ఇచ్చేది, రైలెక్కి బొంబాయికో ఢిల్లీకో పోయి టోర్నీ ఆడి వచ్చేవాళ్ళు. 1996లో జాతీయ లీగు వచ్చాక ఏడాది పొడవునా ఇంటా బయటా తిరిగి ఆడే ఖర్చు, పద్ధతి పోలీసు టీముకి నప్పేవి కావు. దానికి ఎవరం రహీం శిష్యుల ధైర్యం చచ్చిపోయిందని అనలేదు.

బావగారి ఐఏఎస్ ఉపమానంలో లోపం కూడా ఇక్కడే ఉంది. ఐఏఎస్ ఒకసారి వస్తే రిటైరయ్యేదాకా ఉంటుంది. కాలేజీ టీముకి ప్రతి నాలుగేళ్ళకీ పిల్లలంతా మారిపోతారు. 1977 టైటిల్ 2017లో ఆడిన కుర్రాడిది కాదు. ఆ పాత పతకం బరువు మోయడం కోసం సెమిస్టర్ మధ్యలో గురువారం క్లాసులు ఎగ్గొట్టి విమానం ఎక్కాల్సిన పని వాడికేంటి? ఇప్పుడు హార్ట్‌విక్ ఎంపైర్ 8 కాన్ఫరెన్స్‌లో ఆడుతుంది. అక్కడ ప్రత్యర్థులు ఎక్కువగా న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న చిన్న కాలేజీలు, మళ్ళీ బస్సు దూరమే. 1970ల్లో టీముని పెంచింది కూడా ఆ బస్సు దూరమే కదా. డివిజన్ త్రీ అంటే నాసిరకం అనుకునేవాళ్ళు పెన్సిల్వేనియాలోని మెసాయా యూనివర్సిటీ ఆట చూడాలి. 2000 నుంచి 2017 లోపు పదకొండు జాతీయ టైటిళ్ళు. పైన డివిజన్ వన్‌లో ఆ కాలంలో ఏ యూనివర్సిటీకీ అన్ని రాలేదు.

నాకు కోపం ఉన్నది ఇంకోచోట. మెట్టు దిగిన కాలేజీలు, పుట్టినప్పటి నుంచీ కింది మెట్టు మీదే ఉన్న కాలేజీలు కూడా, పిల్లలకి ఆ లెక్కలు చెప్పవు. క్యాంపస్ టూర్‌లో జిమ్ గోడ మీది జెండాలు చూపిస్తారు. టీములో ఎంతమందిని చేర్చుకుంటున్నారు, మ్యాచ్ రోజు ఎంతమందికి జెర్సీ దొరుకుతుంది అని ఎవరూ చెప్పరు. నలభై ఐదు మందిని చేర్చుకుంటే సగం మంది నాలుగేళ్ళూ పక్కన నిలబడి చప్పట్లు కొట్టడమే. పదిహేడేళ్ళ పిల్లవాడికి అది ముందే చెప్పి, నచ్చితే రమ్మంటే గౌరవంగా ఉంటుంది. పిల్లవాడు ఎప్పుడూ జెర్సీ దొరుకుతుందనే ఆశ మీదే చేరతాడు, ఫీజు మాత్రం అమ్మా నాన్నా కడతారు.

మా ఇంట్లో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. కోచ్ ఫోన్ చేస్తే మావాడే మాట్లాడాలి, నేను పక్కన కూర్చుంటాను. ఆట గురించి వాడు అడుగుతాడు. చివర్లో నా తరఫున రెండు ప్రశ్నలు కూడా వాడే అడగాలి. నాలుగేళ్ళ క్రితం ఫస్టియర్‌లో టీములోకి ఎంతమంది వచ్చారు, వాళ్ళలో ఈ ఏడాది సీనియర్లుగా ఎంతమంది మిగిలారు. మొదట్లో మావాడికి సిగ్గేసింది, "నాన్నా, ఇవేం ప్రశ్నలు?" అని గొణిగాడు. చాలామంది కోచ్‌లు చూసి చెప్తాం అని మాట మార్చేశారు. ఒకాయన మాత్రం తడుముకోకుండా పదిహేనుకి ఆరు అన్నాడు, వెళ్ళిపోయిన తొమ్మిది మందిలో ఎవరు ఎందుకు మానేశారో కూడా చెప్పాడు. మావాడి లిస్టులో ప్రస్తుతానికి మొదటి పేరు ఆ కాలేజీదే.